పాఠకుల ప్రశ్నలు: వారం రోజులు బోట్ మీదే డైవింగ్, ఏం రెడీ చేస్కోవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు లైవ్‌అబోర్డ్ ట్రిప్ గురించే ఉన్నాయి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, లైవ్‌అబోర్డ్ అంటే తిండి, నిద్ర, డైవింగ్ అన్నీ ఒకే బోట్ మీద, రోజుకి మూడు నాలుగు డైవ్‌లు, దాదాపు వారం పాటు ఒడ్డు మొహం చూడకుండా. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలు ఆపి దీనికే పేజీలన్నీ ఇచ్చేస్తున్నా. కింద జవాబులన్నిట్లోనూ ఒక మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి ముందే చెప్పేస్తా, అయిదో రోజుకి ప్రిపేర్ అవ్వండి. మొదటి రోజు అందరూ బానే ఉంటారు. పీల్చిన గాలి నుంచి ఒంట్లో మిగిలిపోయే నైట్రోజన్, చలి, చెవిలో తడి, నిద్ర సరిపోకపోవడం, ఇవి ఒక్క డైవ్‌లో తెలీవు, రోజురోజుకీ పోగుపడి అయిదో రోజు బయటపడతాయి.

ప్రశ్న: అక్కా, నాకు అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ (డైవింగ్‌లో రెండో స్థాయి కోర్స్) అయిపోయింది, లాగ్ బుక్‌లో ఇరవై పైచిలుకు డైవ్‌లున్నాయి, కానీ నీళ్ళల్లోకి దిగి ఏడాది దాటింది. ఫ్రెండ్స్ లైవ్‌అబోర్డ్ బుక్ చేస్తూ నన్నూ రమ్మంటున్నారు. వెళ్ళొచ్చా, ఇంకొంచెం అనుభవం వచ్చాక వెళ్ళనా?

వెళ్ళొచ్చు తమ్ముడూ, కానీ ఏ రూట్ అన్నది ముందు చూడు. లైవ్‌అబోర్డ్‌లన్నీ ఒకటి కాదు. ఎర్ర సముద్రం ఉత్తరం వైపు రూట్‌లు, రీఫ్‌లూ (పగడపు దిబ్బలు) రెక్‌లూ (మునిగిన ఓడలు) ఉండేవి, నీలాంటి వాళ్ళకి సరిపోతాయి. అదే ఈజిప్ట్ దక్షిణం వైపు బ్రదర్స్, డెడాలస్ లాంటి మెరైన్ పార్క్ సైట్లకి లాగ్ బుక్‌లో కనీసం 50 డైవ్‌లు అడుగుతారు, ఎందుకంటే అవి నడి సముద్రంలో ఉన్న రీఫ్‌లు, అలలెక్కువ, కరెంట్ ఎక్కువ, పక్కన నిలువుగా లోతుకి దిగిపోయే గోడ. గాలాపగోస్‌లో డార్విన్, వుల్ఫ్ దీవులు ఇంకా కష్టం, జూన్ నుంచి నవంబర్ దాకా వేల్ షార్క్‌లు వచ్చే సీజన్‌లోనే నీళ్ళు కూడా చల్లగా ఉంటాయి. (అక్కడి ఫేమస్ రాతి కమాను డార్విన్ ఆర్చ్ 2021 మే 17న కూలిపోయింది, ఇప్పుడు రెండు స్తంభాలే మిగిలాయి, పాత ఫోటోలు చూసి వెళ్ళేవాళ్ళకి మనసు చివుక్కుమంటుంది.) మాల్దీవుల్లో నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, చట్టప్రకారం రిక్రియేషనల్ డైవింగ్ 30 మీటర్లకి మించకూడదు కూడా, అయినా రెండు దిబ్బల మధ్య సందుల్లో చేసే చానల్ డైవ్‌లలో కరెంట్ గట్టిగా లాగుతుంది. కాబట్టి ఫ్రెండ్స్ వెళ్తున్నారని కాకుండా రూట్ పేరు, ఒక్కో సైట్ పేరు తెలుస్కుని వాటి గురించి చదివాక అప్పుడు చెప్పు వాళ్ళకి వస్తున్నానో లేదో.

ఇక ఏడాది గ్యాప్ సంగతి. ట్రిప్‌కి నెల ముందు ఒక రిఫ్రెషర్ చెయ్యి, పూల్‌లో ఒక్కసారి మాస్క్ తీసి పెట్టేసి అయిపోయిందనిపించుకోకుండా, వీలైతే సముద్రంలో నాలుగైదు డైవ్‌లు వేస్కో. అందులో మూడు విషయాలు నీకు నువ్వే పరీక్ష పెట్టుకో. ఒకటి, 5 మీటర్ల దగ్గర దేన్నీ పట్టుకోకుండా మూడు నిమిషాలు కదలకుండా నిలబడగలవా. ట్యాంక్‌లో గాలి తగ్గాక అల్యూమినియం ట్యాంక్ తేలికైపోయి పైకి లాగుతుంది, అందుకే డైవ్ మొదట్లో కాదు, చివర్లో, ట్యాంక్‌లో ప్రెషర్ 50 బార్ దగ్గరున్నప్పుడు చూస్కోవాలి, తేలిపోకుండా కట్టుకునే వెయిట్ సరిపోయిందో లేదో. రెండు, ఎస్‌ఎంబీ, అదే నీళ్ళ లోపల నుంచి గాలి నింపి పైకి వదిలే నారింజ రంగు ట్యూబ్, నీ అంతట నువ్వు వదలగలవా. దీన్ని తేలిగ్గా తీస్కోవద్దు, లైవ్‌అబోర్డ్‌లో కరెంట్‌లో కొట్టుకుపోయి బోట్‌కి దూరంగా తేలడం మామూలు విషయం, అలల మధ్య మనిషి తల వంద మీటర్ల దూరం నుంచి కూడా కనపడదు, ఆ ట్యూబ్ కనపడుతుంది. రీల్ దారం చేతికి చుట్టుకుని మనిషే ట్యూబ్‌తో పాటు పైకి లేచిపోవడం చాలామందికి మొదటిసారి జరిగేదే, అది ప్రాక్టీస్‌లో జరగనీ, అక్కడ జరక్కూడదు. మూడు, రబ్బరు బోట్ అంచు మీద కూర్చుని వెనక్కి పడి దిగడం, మళ్ళీ నీళ్ళల్లోనే గేర్ విప్పి అందించి బోట్‌లోకి ఎక్కడం. ఈ ఎక్కడం దగ్గరే చాలామందికి ఆయాసం వచ్చేస్తుంది. రోజుకి నాలుగుసార్లు చెయ్యాలి కాబట్టి రెండు నెలల ముందు నుంచీ మెట్లెక్కడం, ఈత, కాళ్ళకీ నడుముకీ వ్యాయామం మొదలుపెట్టు.

ఇంకోటి, మెడికల్ ఫామ్ బుక్ చెయ్యకముందే తెప్పించుకుని చదువు. ఆస్తమా, బీపీ, గుండె, ఇటీవల ఆపరేషన్, ఇలాంటి వాటికి అవును అని టిక్ పెట్టాల్సొస్తే డాక్టర్ సంతకం అడగొచ్చు, బోట్ ఎక్కే రోజు అది చూపించలేకపోతే డైవ్ చెయ్యనివ్వరు. అబద్ధం టిక్ పెట్టడం మాత్రం వద్దు, దగ్గర్లో హాస్పిటల్ లేని చోటికి వెళ్తున్నావ్.

ప్రశ్న: నాకు కార్‌లో కూర్చున్నా వాంతులొస్తాయి మేడమ్. బోట్ మీద వారం అంటే భయమేస్తోంది.

భయపడి మానెయ్యక్కర్లేదు. సీ సిక్‌నెస్ చాలామందికి మొదటి ఒకటి రెండు రోజులే గట్టిగా ఉంటుంది, తర్వాత ఒళ్ళు అలవాటు పడిపోతుంది. మందు విషయంలో రెండు సూత్రాలు. వికారం మొదలయ్యాక వేస్కుంటే పెద్దగా పనిచెయ్యదు, బోట్ కదలకముందే వేస్కోవాలి. రెండోది, ఆ మందు ముందు నేల మీద వేస్కుని చూడండి. మెక్లిజిన్ లాంటి మాత్రలతో కొందరికి బాగా మత్తుగా ఉంటుంది, ఆ మత్తుతో 25 మీటర్ల లోతులో ఉండడం మంచిది కాదు. చెవి వెనక అంటించే స్కోపలమీన్ ప్యాచ్ మూడు రోజులు పనిచేస్తుంది కానీ నోరెండిపోతుంది, ప్యాచ్ ముట్టుకున్న చేత్తో కన్ను నలుపుకుంటే చూపు మసకబారుతుంది, గ్లకోమా ఉన్నవాళ్ళు వాడకూడదు. అందుకే ఇది డైవింగ్ చేస్తానని చెప్పి మరీ డాక్టర్‌ని అడిగి తీస్కోవాల్సిన మందు.

క్యాబిన్ బుక్ చేసేటప్పుడు కింద డెక్‌లో బోట్ మధ్య భాగంలో అడగండి, ఊపు అక్కడ తక్కువ. పై డెక్ క్యాబిన్‌లు అందంగా ఉంటాయి, ఊగేది కూడా అవే. (కింద డెక్ తీస్కుంటే బయటికెళ్ళే దారి గురించి తర్వాతి జవాబు తప్పకుండా చదవండి.) ఒంట్లో బాలేనప్పుడు క్యాబిన్‌లో పడుకుని ఫోన్ చూడకుండా బయటికొచ్చి గాలి తగిలేలా నిలబడి దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత మీద చూపు పెట్టండి. ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ తప్పే, కొంచెం కొంచెం తింటూ ఉండండి. నీళ్ళ లోపల వాంతొస్తే గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లోంచి తియ్యకుండా అందులోకే కక్కేసి, దాన్ని గాలితో ఊడ్చేసే పర్జ్ బటన్ నొక్కండి, వినడానికి అసహ్యంగా ఉన్నా కంగారులో నీళ్ళు పీల్చకుండా కాపాడేది అదే. వాంతులయ్యాక ఒంట్లో నీరు తగ్గిపోతుంది, డీహైడ్రేషన్‌తో డీకంప్రెషన్ సిక్‌నెస్ (ఒంట్లోని నైట్రోజన్ బుడగలై చేసే జబ్బు) రిస్క్ పెరుగుతుందంటారు కాబట్టి ఆ పూట డైవ్ మానేసి నీళ్ళూ ఓఆర్‌ఎస్ తాగుతూ పడుకోండి.

ప్రశ్న: నమస్కారమండీ. డైవింగ్ చేసేది నేను కాదు, మా అమ్మాయి. ఆ మధ్య ఒక టూరిస్టు డైవింగ్ బోట్ మునిగిపోయిందని, అంతకుముందు ఇంకోటి తగలబడిపోయిందని చదివాను. వెళ్ళొద్దు అంటే వినదు. కనీసం ఏం చూస్కుని వెళ్ళమని చెప్పాలో చెప్పండి.

మీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసిందమ్మా, ఎందుకంటే డైవ్ చేసేవాళ్ళు షార్క్‌ల గురించీ ఆక్సిజన్ గురించీ అడుగుతారు గానీ బోట్ గురించి అడగరు. నిజానికి ఈ ట్రిప్‌లో రోజులో ఎక్కువ గంటలు గడిచేది బోట్ మీదే, అందులోనూ మూడో వంతు నిద్రలో.

2019 సెప్టెంబర్ 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ బోట్ తెల్లవారుజామున తగలబడి 34 మంది చనిపోయారు, వాళ్ళంతా కింద డెక్‌లో నిద్రపోతున్నవాళ్ళు. విచారణలో తేలింది ఏంటంటే రాత్రంతా మెలకువగా తిరుగుతూ చూడాల్సిన కాపలా మనిషి లేడు. ఇంకో ఘోరం, పడుకునే గదికి మెట్లు ఒకవైపు, ఎమర్జెన్సీ దారి ఇంకోవైపు ఉన్నాయి, కానీ రెండూ పైన ఒకే హాల్లోకి తెరుచుకుంటాయి, మంట ఉన్నదీ ఆ హాల్లోనే. పేరుకి రెండు దారులు, వాస్తవానికి ఒక్కటే. కెప్టెన్‌కి తర్వాత జైలు శిక్ష పడింది. మునిగిపోయిందని మీరు చదివింది ఎర్ర సముద్రంలో 2024 నవంబర్ 25న మునిగిన సీ స్టోరీ అయ్యుంటుంది, అది కూడా తెల్లవారుజామునే, అందరూ పడుకుని ఉన్నప్పుడు, పదకొండు మంది చనిపోవడమో ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. ఎర్ర సముద్రంలో ఇలాంటివి వరసగా జరిగాక బ్రిటన్ మెరైన్ యాక్సిడెంట్ దర్యాప్తు విభాగం 2025లో ఆ బోట్ల విషయంలో జాగ్రత్తగా ఉండమని హెచ్చరిక కూడా ఇచ్చింది.

అందుకని మీ అమ్మాయిని డబ్బు కట్టకముందే ఆపరేటర్‌కి రాసి అడగమనండి: రాత్రి పూట మెలకువగా తిరిగే కాపలా ఉంటుందా, నా క్యాబిన్ నుంచి బయటికెళ్ళే రెండు దారులు రెండు వేరు వేరు చోట్లకి వెళ్తాయా, పొగ అలారం క్యాబిన్‌లలో ఉందా, లైఫ్ రాఫ్ట్‌లు ఎంతమందికి సరిపోతాయి, ఎప్పుడు చెక్ చేశారు, ఆక్సిజన్ కిట్ ఎన్ని గంటలకి సరిపోతుంది. మంచి ఆపరేటర్‌కి ఈ ప్రశ్నలు కొత్తేం కాదు, వివరంగా జవాబిస్తారు. ఏమీ కాదులెండి కంగారు పడకండి అని దాటేసేవాళ్ళ బోట్ ఎక్కొద్దు, డిస్కౌంట్ ఎంతిచ్చినా సరే. ఇది నా గట్టి అభిప్రాయం.

బోట్ ఎక్కిన మొదటి సాయంత్రం సేఫ్టీ బ్రీఫింగ్ ఇస్తారు, ఇవ్వకపోతే అడగాలి. ఆ తర్వాత తను చెయ్యాల్సిన పని ఒకటుంది, తన మంచం దగ్గర్నుంచి రెండు దారుల్లోనూ పైదాకా నడిచి చూడాలి, ఎమర్జెన్సీ తలుపు తన చేత్తో తెరిచి చూడాలి, దాని ముందు ఎవరైనా బ్యాగులు పేర్చి ఉంటే తీయించాలి. రెండోసారి కళ్ళు మూసుకుని తడుముకుంటూ వెళ్ళమనండి, పొగలో అలాగే వెళ్ళాల్సొస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు ఒక చిన్న టార్చ్, లైఫ్ జాకెట్, పాస్‌పోర్ట్ ఉన్న వాటర్‌ప్రూఫ్ పౌచ్ చేతికందేలా పెట్టుకోవాలి. ఫోన్, కెమెరా, టార్చ్ బ్యాటరీలు క్యాబిన్‌లో ఛార్జింగ్ పెట్టి నిద్రపోకూడదు, మనుషులు మెలకువగా ఉన్న చోట, ఛార్జింగ్ కోసం కేటాయించిన టేబుల్ దగ్గర, పగటి పూట పెట్టుకోవాలి. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం.

ఇవన్నీ మీరు ఒక కాగితం మీద రాసి అమ్మాయి చేతికివ్వండి. తను వింటుంది, వెళ్ళొద్దు అన్నప్పటికంటే ఇలా చెప్పినప్పుడు తప్పకుండా వింటుంది.

ప్రశ్న: గేర్ అంతా కొనుక్కుని వెళ్ళాలా, బోట్ మీద రెంట్‌కి తీస్కోవచ్చా? లగేజ్ ఎలా సర్దాలి?

అన్నీ కొనక్కర్లేదు. మాస్క్, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్, ఎస్‌ఎంబీ రీల్‌తో సహా, ఈ మూడూ మాత్రం సొంతవి ఉండాలి. మాస్క్ ఎందుకంటే మీ మొహానికి కుదిరింది ఇంకోచోట దొరకదు, లీకయ్యే మాస్క్‌తో ఇరవై డైవ్‌లు నరకం. కంప్యూటర్ ఎందుకంటే అది మీ ఒంట్లో మిగిలిన నైట్రోజన్‌ని డైవ్ నుంచి డైవ్‌కి లెక్కేస్తూ పోతుంది, మధ్యలో వేరేది మార్చితే దానికి మీ వెనకటి రోజుల సంగతి తెలీదు, బడ్డీ (జతగా దిగే డైవర్) కంప్యూటర్ చూసి డైవ్ చెయ్యడం అసలే తప్పు. వెళ్ళేముందు బ్యాటరీ కొత్తది వేయించండి, మాన్యువల్ ఫోన్‌లో పెట్టుకోండి, అలారం మోగినప్పుడు అది ఏ అలారమో తెలియాలి కదా.

తర్వాత కొనదగ్గది వెట్‌సూట్, అదే చలి ఆపే రబ్బరు సూట్. ఇక్కడ నా మాట వినండి, మీరనుకున్న దానికంటే ఒక మెట్టు మందం తీస్కోండి. నీళ్ళు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి, 28 డిగ్రీల నీళ్ళు మొదటి రోజు గోరువెచ్చగా అనిపిస్తాయి, అవే నీళ్ళు అయిదో రోజు నాలుగో డైవ్‌లో వణికిస్తాయి. 3 ఎంఎం చాలు అనుకునేవాళ్ళు ఒక హుడెడ్ వెస్ట్ (తల కప్పే టోపీ ఉన్న, చేతుల్లేని లోపలి జాకెట్) కూడా పెట్టుకోండి, బ్యాగ్‌లో పెద్ద చోటేం తీస్కోదు. తడి సూట్ వేస్కోవడం కష్టంగా ఉంటుంది కాబట్టి లోపల పల్చటి ర్యాష్ గార్డ్ ఉంటే నయం. సూట్ కొత్తదైతే వెయిట్ మారుతుంది, ముందే నీళ్ళల్లో చూస్కోండి.

రెగ్యులేటర్, బీసీడీ (గాలి నింపి తేలడం సర్దుకునే జాకెట్) రెంట్‌కి తీస్కోవచ్చు, కానీ సైజ్ ముందే రాసి కన్‌ఫర్మ్ చేయించుకోండి, సముద్రం మధ్యలో మీ సైజ్ లేదంటే ఎవరూ తెచ్చివ్వలేరు. సొంత రెగ్యులేటర్ ఉంటే సర్వీసింగ్ ప్రయాణానికి రెండు రోజుల ముందు చేయించొద్దు, నెలన్నర ముందు చేయించి దాంతో ఒకట్రెండు డైవ్‌లు వేసి చూడండి, సర్వీసింగ్‌లో ఏదైనా తేడా జరిగితే మొదటి రెండు డైవ్‌ల్లోనే బయటపడుతుంది. రెగ్యులేటర్‌ని ట్యాంక్‌కి బిగించేది మీది డిన్ ఫిటింగా యోక్ ఫిటింగా, బోట్ ట్యాంకులు ఏవి, అడాప్టర్ కావాలా, ఇవి అడగండి. గాలి ఎక్కువ వాడేవాళ్ళు 15 లీటర్ల ట్యాంక్ దొరుకుతుందేమో కూడా ఇప్పుడే అడగాలి, లెక్కపెట్టి తెస్తారు అవి.

చిన్న పౌచ్‌లో స్పేర్‌లు: ఓ రింగులు (లీకవకుండా ఆపే రబ్బరు వలయాలు), ఫిన్ స్ట్రాప్, మాస్క్ స్ట్రాప్, మౌత్‌పీస్, జిప్ టైలు, చిన్న సిలికాన్ గ్రీస్. విజిల్ ఒకటి బీసీడీకి ఎప్పుడూ కట్టి ఉండాలి. నైట్ డైవ్ ఉంటే రెండు టార్చ్‌లు. గ్లవ్స్ కొనేముందు రూట్ రూల్స్ చూడండి, కొన్ని మెరైన్ పార్కుల్లో గ్లవ్స్ వేస్కోనివ్వరు, చేతులకి తొడుగు ఉంటే జనం కోరల్‌ని పట్టేస్కుంటారని. సన్‌స్క్రీన్ కూడా అంతే, పలావు 2020 జనవరి నుంచి రీఫ్‌కి హాని చేసే కెమికల్స్ ఉన్న సన్‌స్క్రీన్‌లు నిషేధించింది, ఎక్కడికెళ్ళినా ఒళ్ళు కప్పే ర్యాష్ గార్డే వాడితే ఆ గొడవే ఉండదు.

బ్యాగ్ మెత్తటిది, మడత పెట్టగలిగేది తీస్కోండి, గట్టి సూట్‌కేస్ పెట్టడానికి క్యాబిన్‌లో చోటుండదు. మాస్క్, కంప్యూటర్, రెగ్యులేటర్, మందులు, ఒక జత స్విమ్‌వేర్ చేతి బ్యాగ్‌లో, పెద్ద బ్యాగ్ ఫ్లైట్‌లో ఎక్కడో ఆగిపోయినా బోట్ మీకోసం ఆగదు కాబట్టి. స్పేర్ లిథియం బ్యాటరీలు ఎలాగూ చెక్ ఇన్ లగేజ్‌లో వెయ్యకూడదు. బట్టలు సగం తగ్గించండి, బోట్ మీద అందరూ చెప్పుల్లేకుండా టీ షర్ట్‌లోనే ఉంటారు. వీలుంటే బోట్ బయల్దేరే ముందు రోజే ఆ ఊరు చేరుకోండి.

ప్రశ్న: నైట్రాక్స్ కోర్స్ తప్పనిసరా అండీ?

చాలా బోట్లలో తప్పనిసరి కాదు, కానీ లైవ్‌అబోర్డ్‌కి వెళ్ళేవాళ్ళకి దీనంత ఉపయోగపడే కోర్స్ ఇంకోటి లేదంటా. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, నైట్రాక్స్‌లో ఎక్కువగా 32 శాతం, ఆ మేరకు నైట్రోజన్ తగ్గుతుంది, రోజుకి నాలుగు డైవ్‌ల మీద అదే పెద్ద తేడా. ఎర్ర సముద్రంలోని థిసిల్‌గోర్మ్ లాంటి రెక్, 1941లో బాంబులు పడి మునిగిన ఓడ, దాదాపు 30 మీటర్ల అడుగున ఉంది, అక్కడ గాలితో అయితే నో డెకో టైమ్ (పైకొచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన పని లేకుండా ఉండగలిగే సమయం) చూస్తుండగానే అయిపోతుంది, 32తో తీరిగ్గా చూడొచ్చు.

కానీ నైట్రాక్స్‌తో ఇంకా లోతుకి వెళ్ళొచ్చు అని కొందరు అనుకుంటారు, అది పూర్తిగా రివర్స్. 32 శాతానికి లిమిట్ 33 మీటర్లు, 36 శాతానికి 28 మీటర్లే, అది దాటితే ఆక్సిజనే విషమై నీళ్ళల్లో ఫిట్స్ రావచ్చు. అందుకే ప్రతి ట్యాంక్ మీ చేత్తో మీరే అనలైజర్ పెట్టి చూస్కుని, ఎంత శాతమో రాసి సంతకం పెట్టి, కంప్యూటర్‌లో అదే నంబర్ పెట్టుకోవాలి. నాలుగో రోజుకి ఇది బోర్ కొట్టి నిన్నటి నంబరే కదా అని వదిలేస్తారు, అక్కడే జాగ్రత్త. కోర్స్ ట్రిప్‌కి ముందే చేసేస్కోండి, బోట్ మీద కూడా నేర్పిస్తారు గానీ సెలవు రోజుల్లో పుస్తకం ముందేస్కుని కూర్చోవడం ఎందుకు.

ప్రశ్న: పోయిన ట్రిప్‌లో మా తమ్ముడికి మూడో రోజుకే చెవి నొప్పొచ్చి మిగతా రోజులన్నీ డెక్ మీద కూర్చున్నాడు. ఈసారి ఇద్దరం వెళ్తున్నాం. ఏం చెయ్యాలి?

లైవ్‌అబోర్డ్ ట్రిప్‌లు పాడయ్యేది ఎక్కువగా చెవుల వల్లే. నొప్పి రెండు రకాలు, ముందు ఏదో తెలుస్కోవాలి. చెవి తమ్మె పట్టి లాగితే నొప్పి పెరిగిందంటే చాలావరకు బయటి చెవి ఇన్‌ఫెక్షన్, రోజంతా తడి ఉండడం వల్ల వచ్చేది. లోపల నిండినట్టు, దిగేటప్పుడు గుచ్చినట్టు ఉంటే ఈక్వలైజేషన్ (చెవి లోపలా బయటా ఒత్తిడి సమానం చేస్కోవడం) సరిగ్గా అవ్వలేదని, దాన్ని బారోట్రామా అంటారు.

మొదటిదానికి, ప్రతి డైవ్ అయ్యాక మంచినీళ్ళతో చెవి కడిగి, తల వంచి నీళ్ళు పోనిచ్చి, టవల్‌తో బయటివరకు తుడుచుకోండి. అసిటిక్ యాసిడ్ ఉన్న ఇయర్ డ్రాప్స్ డాక్టర్‌ని అడిగి తీస్కెళ్ళి, మొదటి రోజు నుంచే పొద్దున్న డైవింగ్‌కి ముందు, సాయంత్రం అయిపోయాక వేస్కోండి, ఒక్కో చెవిలో అయిదు నిమిషాలు ఉండనివ్వాలి. నొప్పొచ్చాక వేస్కునేది కాదు ఇది. కర్ణభేరికి చిల్లు ఉన్నా, ఉందని డౌట్ ఉన్నా అస్సలు వెయ్యొద్దు, అందుకే వెళ్ళేముందు ఇఎన్‌టీ డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి, గుబిలి గట్టిపడి ఉంటే తీయిస్తారు. ఇయర్ బడ్స్ మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి, లోపలి చర్మం గీసుకుపోయి ఇన్‌ఫెక్షన్‌కి తలుపు తీసినట్టే.

రెండోదానికి, పైనుంచి 10 మీటర్లు దిగేలోపే ఒత్తిడి రెట్టింపవుతుంది, అంటే అసలు కష్టమంతా మొదటి పది మీటర్లలోనే. కాబట్టి నీళ్ళల్లోకి దిగకముందు ఒకసారి, దిగాక ప్రతి అర మీటర్‌కి ఒకసారి, నొప్పి రాకముందే మెల్లగా ఈక్వలైజ్ చెయ్యాలి. కాళ్ళు కిందికి ఉంచి తాడు పట్టుకుని దిగితే సులువు. రాకపోతే మీటర్ పైకొచ్చి మళ్ళీ ప్రయత్నించాలి, గట్టిగా ఊదితే లోపలి చెవికే దెబ్బ. గ్రూప్ కిందికి వెళ్ళిపోతోందని కంగారు పడేవాళ్ళే చెవులు పాడుచేస్కుంటారు, మీ తమ్ముడు మెల్లగా దిగుతాడని గైడ్‌కి ముందే చెప్పండి. జలుబు చేస్తే డైవ్ లేదు, అంతే. ముక్కు తెరిచే మందులు వేస్కుని దిగితే లోతులో ఉండగా పవర్ అయిపోయి పైకొచ్చేటప్పుడు చెవిలో గాలి బయటికి రాక ఇరుక్కుంటుంది, అది దిగేటప్పుడు నొప్పి కంటే ప్రమాదం, ఎందుకంటే పైకి రాక తప్పదు కదా.

ప్రశ్న: అక్కా, ట్రిప్ డేట్స్‌లోనే నాకు పీరియడ్స్ వచ్చేలా ఉన్నాయి. షార్క్‌లు ఉండే చోట దిగొచ్చా?

దిగొచ్చమ్మా, ఏం భయం లేదు. పీరియడ్స్‌లో ఉన్నవాళ్ళ మీదకి షార్క్‌లు ఎక్కువ వస్తాయనడానికి ఆధారం ఏదీ లేదు. మామూలుగా ఈత కొట్టేటప్పుడు ఏది వాడతావో అదే వాడు, కప్పైనా టాంపాన్ అయినా, కానీ మొదటిసారి వాడడం మాత్రం బోట్ మీద పెట్టుకోకు. సరిపడా సామాను నువ్వే తీస్కెళ్ళు, వాడినవి బోట్ టాయిలెట్‌లో వెయ్యకు, పైపులు జామ్ అవుతాయి. కడుపునొప్పితో, నీరసంగా ఉంటే ఆ డైవ్ వదిలెయ్. గర్భం ఉందేమో అన్న అనుమానం ఉంటే మాత్రం డైవింగ్ పూర్తిగా ఆపెయ్యాలి.

ప్రశ్న: నేను ఒంటరిగా వెళ్తున్నాను. బడ్డీగా ఎవరినిస్తారో తెలీదు. వాళ్ళతో కుదరకపోతే? ఇంకా, ఒక డైవ్ మానేస్తానంటే డబ్బు దండగ అంటారేమో.

ఒంటరిగా వచ్చేవాళ్ళు ప్రతి బోట్‌లోనూ ఉంటారు, గైడ్ జత కలుపుతాడు. కలిపాక మొదటి డైవ్‌కి ముందే కూర్చుని మాట్లాడుకోండి: గాలి ఎంత త్వరగా అయిపోతుంది, ఫోటోలు తీస్తూ ఒకేచోట ఆగిపోతారా, 100 బార్ రాగానే చెప్పుకుందామా, విడిపోతే ఏం చెయ్యాలి. విడిపోతే ఒక నిమిషం వెతికి, కనపడకపోతే మెల్లగా, నిమిషానికి 9 మీటర్లకి మించకుండా పైకొచ్చి కలుస్కోవడమే చాలాచోట్ల పద్ధతి, కానీ బ్రీఫింగ్‌లో గైడ్ ఏం చెప్తే అది. అంతా సరిచూస్కునే మొదటి చెక్ డైవ్ తర్వాత కూడా కుదరలేదనిపిస్తే గైడ్‌ని పక్కకి తీస్కెళ్ళి చెప్పండి, మార్చేస్తారు, మొహమాటపడి వారమంతా భరించొద్దు.

డైవ్ మానెయ్యడం గురించి అడిగినందుకు థాంక్స్. మానెయ్యొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, నీళ్ళల్లోకి దిగాక కూడా బొటనవేలు పైకి చూపించి తిరిగొచ్చెయ్యొచ్చు. నేనైతే ఇంకో అడుగు ముందుకెళ్ళి, మూడో రోజో నాలుగో రోజో మధ్యాహ్నం ఒక డైవ్ మానెయ్యాలని బయల్దేరకముందే ప్లాన్‌లో రాసేస్కోండి అంటా. ఆ పూట పడుకోండి, నీళ్ళు తాగండి, చెవులు ఆరనివ్వండి. అయిదో రోజు కళ్ళల్లో ఆ తేడా కనపడుతుంది. డబ్బు లెక్క వేస్కునేవాళ్ళు ఒకటి ఆలోచించాలి, అలిసిపోయి దిగిన డైవ్‌లో మీరేం చూశారో సాయంత్రానికి గుర్తుండదు. సాయంత్రం బీరు గురించి కూడా చెప్పేస్తా, మొదటి గ్లాస్ ఎత్తారంటే ఆ రోజుకి డైవింగ్ అయిపోయినట్టు, నైట్ డైవ్ ఉంటే గ్లాస్ జోలికే పోవద్దు.

ప్రశ్న: కొత్త అండర్‌వాటర్ కెమెరా కొన్నాను, ఈ ట్రిప్‌లోనే మొదలుపెడదామని. టిప్స్?

హౌసింగ్‌ని (కెమెరాకి తొడిగే, నీళ్ళు చొరని పెట్టె) కెమెరా లేకుండా ఖాళీగా ఒక డైవ్ ముంచి చూడండి, లీక్ ఉంటే కెమెరా బతుకుతుంది. ఓ రింగ్ మీద వెంట్రుక ఉన్నా నీళ్ళొస్తాయి. మొదటి రెండు డైవ్‌లకి కెమెరా తీస్కెళ్ళొద్దు, వెయిట్, గాలి, సైట్ అన్నీ చేతికొచ్చాక తీస్కెళ్ళండి. కెమెరాల నీళ్ళ తొట్టిలో మాస్క్‌లు ముంచకండి, యాంటీఫాగ్ మందు లెన్స్‌లకి అంటుతుంది. ఫోటో కోసం కోరల్ మీద మోకాళ్ళు ఆనించేవాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది, దయచేసి ఆ పని చెయ్యొద్దు.

ప్రశ్న: చివరి డైవ్ అయ్యాక ఎన్ని గంటలకి ఫ్లైట్ ఎక్కొచ్చు? ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే చాలా?

డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, డ్యాన్ అంటారు, వాళ్ళ గైడ్‌లైన్ ప్రకారం ఒకే ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా చాలా రోజులు డైవ్ చేస్తే కనీసం 18 గంటలు, పైకొస్తూ మధ్యలో ఆగే డెకో స్టాప్‌లు చెయ్యాల్సొచ్చిన డైవ్ ఉంటే అంతకంటే ఎక్కువ. మీరు వారం పాటు దిగారు కాబట్టి 24 గంటలు పెట్టుకోండి, కంప్యూటర్ ఇంకా ఎక్కువ నో ఫ్లై టైమ్ చూపిస్తే అదే ఫాలో అవ్వండి. ఎత్తైన కొండ రోడ్డు మీదుగా కార్‌లో వెళ్ళినా ఇదే లెక్క. టికెట్ బుక్ చేసేముందే ఆపరేటర్‌ని చివరి డైవ్ ఎన్నింటికి అయిపోతుందో అడగండి.

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో చాలావాటికి డైవింగ్ ఉండదు, ఉన్నా లోతుకి లిమిట్ ఉంటుంది. డైవింగ్ కోసం ప్రత్యేకంగా తీస్కోండి, రీకంప్రెషన్ చాంబర్ (డీకంప్రెషన్ సిక్‌నెస్‌కి ఒత్తిడి పెంచి వైద్యం చేసే గది) ట్రీట్‌మెంట్, బోట్ నుంచి తరలించే ఖర్చు, ఈ రెండూ కవర్ అవుతాయని పాలసీలో చదివి చూస్కోండి, ఎవరో చెప్తే నమ్మకండి. దిగొచ్చాక కీళ్ళ నొప్పి, తిమ్మిరి, మామూలు కానంత అలసట, చర్మం మీద మచ్చలు, తల తిరగడం, వీటిలో ఏదొచ్చినా అలిసిపోయాన్లే అని పడుకోకుండా వెంటనే గైడ్‌కి చెప్పి ఆక్సిజన్ పెట్టించుకోవాలి, ఇంటికొచ్చాక కనిపించినా డైవ్ చేసొచ్చానని డాక్టర్‌కి ముందు ఆ మాటే చెప్పాలి. పాలసీ నంబర్, ఎమర్జెన్సీ నంబర్, బ్లడ్ గ్రూప్, వాడే మందులు, ఒక కార్డ్ మీద రాసి ఒకటి మీ దగ్గర, ఒకటి బోట్ వాళ్ళ దగ్గర, ఇంకోటి ఇంట్లో వాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళండి.